బీడ్స్ చెబుతున్నది శ్లేష్మం గురించేనా? భీమవరం ప్రాంతపు ల్యాబ్ నుంచి ఒక కేస్ స్టడీ

భీమవరం పరిసరాల్లోని ఒక చిన్న సెల్ కల్చర్ ల్యాబ్‌లో తేల్చాల్సిన ప్రశ్న ఇది: రైస్ మిల్లుల బాయిలర్లలో ఊక కాల్చగా వచ్చే బూడిద, శ్వాసనాళాల్లోని శ్లేష్మాన్ని చిక్కబరుస్తుందా? దీన్ని మనుషుల మీద కాకుండా, ల్యాబ్‌లో పెంచిన మానవ శ్వాసనాళ కణజాలం మీద చూడాలి. ఒక మైక్రోమీటర్ వ్యాసం ఉన్న ఫ్లోరోసెంట్ పాలిస్టైరీన్ బీడ్స్‌ను, అంటే మెరిసే సూక్ష్మ ప్లాస్టిక్ పూసలను, శ్లేష్మంలో వదిలి, వాటి కదలికను వీడియో తీసి, దాని నుంచి చిక్కదనం లెక్కగట్టడం పద్ధతి.

బూడిద దాకా పోకముందే పని ఆగింది. బూడిద తగలని కంట్రోల్ ఇన్సర్ట్‌లే (ఇన్సర్ట్ అంటే అడుగున మెంబ్రేన్ ఉన్న, కణజాలం పెంచే చిన్న గిన్నె) ఒకదానితో ఒకటి పొంతన లేని జవాబులిచ్చాయి. ఒకే ఫ్లాస్క్ నుంచి ఒకేసారి నాటిన మూడింటిలో, మొదటిదానిలో బీడ్స్ చాలావరకు అతుక్కుపోయి కదల్లేదు. రెండోదానిలో నీళ్లలో ఉన్నట్టే తిరిగాయి. మూడోదానిలో అన్నీ కలిసి ఒకే వైపు కొట్టుకుపోయాయి.

ఈ మూడింటిలో ఏదీ శ్లేష్మం గుణం కాదు. ఒకటి బీడ్ పైపూత లోపం, ఒకటి పోసిన నీటి పరిమాణం, ఒకటి గదిలోని గాలి. చల్లటి, పొడి ఊళ్లలో రాసిన ప్రోటోకాల్స్‌లో వీటి గురించి ఒక లైనుకు మించి ఉండదు. తేమ గాలి, ఉప్పు తగిలిన నీరు ఉన్న డెల్టాలో మాత్రం పని మొత్తం వీటి మీదే నిలుస్తుంది.

కణజాలం ఏర్పాటు

వాడినది కాల్యూ-3. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగి నుంచి 1975లో తీసిన సెల్ లైన్ ఇది. పైభాగాన్ని గాలికి వదిలి పెంచితే పొర కట్టి శ్లేష్మం స్రవిస్తుంది. కొట్టుకునే సీలియా, అంటే సెల్స్ మీది సన్నటి వెంట్రుకల్లాంటివి, దాదాపు ఉండవు కాబట్టి శ్లేష్మం ఎటూ నడవదు. ఈ కొలతకు అదే కావాలి. మనిషి నుంచి నేరుగా తీసిన, సీలియా బాగా ఉన్న ప్రైమరీ సెల్స్ తీసుకుంటే బీడ్‌ను సీలియా తోస్తున్నాయా, దానంతట అదే కదులుతోందా అని విడదీయడం పెద్ద పని.

12 వెల్ ప్లేటుకు సరిపోయే ఇన్సర్ట్, 0.4 మైక్రోమీటర్ల రంధ్రాలు, 1.12 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. మెంబ్రేన్ పారదర్శకంగా ఉండే పాలిస్టర్‌దే కావాలి. పాలికార్బొనేట్ అయితే కింద నుంచి చూస్తే మసకే. ఇన్సర్ట్‌కు సుమారు 2.2 లక్షల సెల్స్, పైన అర మి.లీ., కింద ఒకటిన్నర మి.లీ. మీడియం. పొర పూర్తిగా కట్టాక పై మీడియం తీసేసి 14 నుంచి 21 రోజులు గాలికి వదలాలి.

పొర బిగుతును టీఈఈఆర్ మీటరుతో, అంటే పొర కరెంటును ఎంత అడ్డుకుంటోందో కొలిచే మీటరుతో, చూస్తాం. ఖాళీ ఇన్సర్ట్ రీడింగ్ తీసేసి, మిగిలినదాన్ని 1.12తో గుణిస్తే 300 ఓమ్ చదరపు సెం.మీ. దాటాలి. అయితే ఈ రీడింగ్ కోసం పైన అర మి.లీ. ద్రవం పోసి తీయాలి, దాంతోపాటు శ్లేష్మమూ కొట్టుకుపోతుంది. అందుకే టీఈఈఆర్ చూసి, ఆ తర్వాత వారం పాటు పైభాగాన్ని ముట్టుకోకుండా శ్లేష్మం పేరుకోనివ్వాలి. బీడ్స్ వేసే రోజు టీఈఈఆర్ వద్దు.

సార్వా కోతల వేళ గాలిలో దుమ్ము, ఫంగస్ బీజాలు పెరుగుతాయి. హుడ్ ప్రీఫిల్టర్ కడగడం, ఇన్‌క్యుబేటర్ నీటి పళ్లెం మార్చడం అప్పుడు ఎక్కువసార్లు పెట్టుకోవాలి. శ్లేష్మంలోకి ఒక్క ఫంగస్ దారం వచ్చినా ఆ ఇన్సర్ట్ కొలతకు పనికిరాదు.

బీడ్ ఎంత కదలాలి

కొలత చూడకముందే ఈ లెక్క చేతిలో ఉండాలి. ద్రవంలోని అణువులు నిరంతరం తోయడం వల్ల బీడ్ అటూ ఇటూ కదులుతుంది. ద్రవం చిక్కనైతే తక్కువ, పలచనైతే ఎక్కువ. 1905లో ఐన్‌స్టీన్ ఇచ్చిన సూత్రంతో చూస్తే, 1 మైక్రోమీటర్ బీడ్ విస్తరణ గుణకం (ఎంత త్వరగా అటూ ఇటూ విస్తరిస్తుందో చెప్పే అంకె) 25 డిగ్రీల నీటిలో సెకనుకు 0.49 చదరపు మైక్రోమీటర్లు, 37 డిగ్రీల నీటిలో 0.66. అంటే ఉష్ణోగ్రత ఒక్కదాని వల్లే మూడో వంతు తేడా. గది ఉష్ణోగ్రతలో క్యాలిబ్రేట్ చేసి 37 డిగ్రీల్లో శ్లేష్మం కొలిచి, రెండింటినీ నేరుగా పోలిస్తే ఆ తేడా శ్లేష్మం ఖాతాలో పడుతుంది.

మనం చూసేది సగటు వర్గ స్థానభ్రంశం, వాడుకలో ఎంఎస్‌డీ. రెండు దిశల్లో ట్రాక్ చేస్తే అది విస్తరణ గుణకానికి నాలుగు రెట్లు, దాన్ని కాలంతో గుణించాలి. 37 డిగ్రీల నీటిలో ఒక సెకనుకు 2.6 చదరపు మైక్రోమీటర్లు రావాలి. అదే బీడ్ శ్లేష్మంలో 0.026 చూపిస్తే చుట్టూ ఉన్నది నీటికన్నా సుమారు వంద రెట్లు చిక్కన. ఎంఎస్‌డీని కాల వ్యవధితో పోల్చి గీసిన లాగ్ గ్రాఫ్‌లో వాలు 1 దగ్గర ఉన్నప్పుడే ఈ సూటి లెక్క చెల్లుతుంది. వాలు 1 కన్నా తక్కువైతే శ్లేష్మానికి సాగే గుణం కూడా ఉందన్నమాట. అప్పుడు భౌతిక శాస్త్రజ్ఞులు మేసన్, వైట్జ్‌లు 1995లో చూపిన పద్ధతిలో చిక్కదనాన్ని, సాగుడును విడదీయాలి. వాలు 2 వైపు పోతుంటే బీడ్స్‌ను ఏదో మోసుకుపోతోంది.

మూడో ఇన్సర్ట్: గది గాలి

తేలిగ్గా తేలేది ముందు. బీడ్స్ అన్నీ ఒకే వైపు పోతున్న ఇన్సర్ట్‌లో, కాల వ్యవధి పెంచి చూసేకొద్దీ వాలు 2కు చేరింది. ఇన్సర్ట్ మూత తీసి ఉంది, ఏసీ గాలి నేరుగా స్టేజి మీద పడుతోంది. తెరిచి ఉన్న నీటి తలం నుంచి రోజుకు 1 మి.మీ. ఆవిరైనా నిమిషానికి 0.7 మైక్రోమీటర్లు. శ్లేష్మం మందం 20 మైక్రోమీటర్లే అనుకుంటే, కింది నుంచి నీరు అందకపోతే అరగంటలో ఆరిపోతుంది. ఒక అంచు ముందు ఆరితే ద్రవం అటు లాగబడుతుంది, దాంతోపాటే బీడ్స్.

మన దగ్గర బయట గాలి తేమగా ఉంటుంది కదా, ఆరదులే అనుకోవడానికి లేదు. ఏసీ గదిలో ఉండేది ఆ గాలి కాదు, నీరు పిండేసిన గాలి. స్టేజి చాంబర్‌లో తడి టిష్యూ ముక్కలు పెట్టి మూయాలి. మూతను స్టేజి కన్నా ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచాలి, లేకపోతే ఆవిరి మూతకు పట్టి చుక్కగా శ్లేష్మం మీద పడుతుంది. ఇన్సర్ట్ పెట్టాక అరగంట ఆగి, ఆ తర్వాతే వీడియో. ఇంత చేశాక మిగిలే చిన్న కొట్టుకుపోవడాన్ని సాఫ్ట్‌వేర్‌లో, ఆ ఫ్రేములోని బీడ్స్ అన్నిటి ఉమ్మడి కదలికగా తీసేయవచ్చు. దానికి ఫ్రేముకు కనీసం 20 బీడ్స్ ఉండాలి. ఐదారు బీడ్స్‌తో తీసేస్తే అసలు కదలిక కూడా కొంత పోతుంది.

ఏసీ ఆపేస్తే సరిపోతుందన్న సలహా కూడా వినపడుతుంది. వానాకాలంలో అలా చేస్తే లెన్సులకు ఫంగస్ పడుతుంది. గాలి దారి మళ్లించే అట్ట చాలు.

రెండో ఇన్సర్ట్: పోసిన నీరు

ఇందులో బీడ్స్ నీళ్లలో ఉన్నట్టు తిరగడానికి కారణం అవి నీళ్లలోనే ఉండటం. 20 మైక్రోమీటర్ల మందాన్ని 1.12 చదరపు సెం.మీ.తో గుణిస్తే మొత్తం శ్లేష్మం 2.2 మైక్రోలీటర్లు. బీడ్స్ పోసింది 10 మైక్రోలీటర్ల బఫర్‌లో. కాల్యూ-3 నీటిని పీల్చుకోవడం కన్నా స్రవించడం వైపే మొగ్గే సెల్ లైన్, కాబట్టి పోసిన నీరు గంటల్లో పోదు. 10 మైక్రోలీటర్లు పిపెట్ చివర చూస్తే చిన్న చుక్కే, అందుకే ఈ లెక్క ఎవరికీ తట్టదు.

దిద్దుబాటు ఇలా. 2 శాతం ఘనపదార్థం ఉన్న స్టాక్‌లో 1 మైక్రోమీటర్ బీడ్స్ మి.లీ.కు దాదాపు 3,600 కోట్లు. 500 రెట్లు పలచన చేస్తే మి.లీ.కు 7.2 కోట్లు. అందులోంచి 2 మైక్రోలీటర్లు, అంటే 1.44 లక్షల బీడ్స్, అర మైక్రోలీటరు చుక్కలుగా నాలుగు చోట్ల పెట్టాలి. 40 రెట్ల ఆబ్జెక్టివ్, 6.5 మైక్రోమీటర్ పిక్సెల్, 2048 పిక్సెళ్ల కెమెరాతో ఒక ఫ్రేము పక్క 333 మైక్రోమీటర్లు. బీడ్స్ సమంగా పరుచుకుంటే లోతు మొత్తం మీద ఫ్రేముకు 140 దాకా వస్తాయి, ఫోకస్‌లో ఉండేవి అందులో మూడో వంతో నాలుగో వంతో. ట్రాకింగ్‌కు అది చక్కగా సరిపోతుంది.

ఆ తర్వాత ఇన్సర్ట్‌ను 24 గంటలు ఇన్‌క్యుబేటర్‌లో వదలాలి. ఇది నీరు సర్దుకోవడానికే కాదు. 37 డిగ్రీల నీటిలో 20 మైక్రోమీటర్ల లోతు దిగడానికి ఈ బీడ్‌కు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వంద రెట్ల చిక్కదనంలో పన్నెండు గంటల పైనే. అంతకుముందే చూస్తే పైతలం మీద తేలుతున్నవి కనిపిస్తాయి, శ్లేష్మం లోపలివి కాదు. కొలిచే ముందు ఫోకస్‌ను పైకీ కిందికీ తిప్పి, బీడ్స్ ఏ లోతులో ఉన్నాయో రాసుకోవాలి. సెల్స్ లోపలికి పోయినవి కొన్ని ఉంటాయి. సెల్ వాటిని మోసుకు తిరుగుతుంది కాబట్టి ఒక్కసారిగా గీత గీసినట్టు పరిగెత్తి ఆగుతాయి. వాటిని లెక్కలోంచి తీసేయాలి.

ఇన్సర్ట్ మెంబ్రేన్ గాజు నుంచి మిల్లీమీటరు దాకా ఎత్తులో ఉంటుంది. ఆయిల్ ఆబ్జెక్టివ్ అందదు. 2 మి.మీ. పైన పని దూరం ఉన్న 40 రెట్ల డ్రై ఆబ్జెక్టివ్ కావాలి. మెంబ్రేన్‌ను కోసి గాజు మీద బోర్లించే పద్ధతి ఉంది గానీ, అది శ్లేష్మాన్ని నలిపేస్తుంది.

మొదటి ఇన్సర్ట్: పైపూత

అసలు చిక్కు ఇక్కడుంది. శ్లేష్మంలో నూటికి 97 పాళ్లు నీరే. మిగిలినదానిలో ముఖ్యమైనది మ్యూసిన్ అనే ప్రోటీన్ దారాల వల. ఆ వల కన్ను సుమారు 100 నుంచి 500 నానోమీటర్లు. పైన కార్బాక్సిల్ అనే ఆమ్ల గుంపులున్న మామూలు బీడ్ వల కన్నులో పట్టకపోవడం ఒక సంగతి, దారానికే అతుక్కోవడం ఇంకో సంగతి. అతుక్కున్న బీడ్ చెప్పేది దాన్ని పట్టుకున్న దారం గురించి, ద్రవం గురించి కాదు. బీడ్‌కు చుట్టూ దట్టంగా పెగ్ అనే పాలిమర్ పూత వేస్తే అతుకుడు తగ్గుతుంది. పూత సరిగా ఉంటే 500 నానోమీటర్ల బీడ్స్ కూడా మానవ శ్లేష్మంలో చురుగ్గా కదులుతాయని జాన్స్ హాప్కిన్స్ బృందం 2007లో చూపించింది.

1 మి.లీ. రియాక్షన్‌కు పాళ్లు ఇవి: 2 శాతం కార్బాక్సిల్ బీడ్స్ 100 మైక్రోలీటర్లు, చివర అమైన్ ఉన్న 5 కిలోడాల్టన్ మెథాక్సీ పెగ్ 2 మి.గ్రా., పెగ్‌ను బీడ్‌కు అతికించే రసాయనాలు సల్ఫో-ఎన్‌హెచ్‌ఎస్ 1.5 మి.గ్రా., ఈడీసీ 1.9 మి.గ్రా., మిగతాది 200 మిల్లీమోలార్ బోరేట్ బఫర్, పీహెచ్ 7.4. ఈడీసీ అన్నిటికన్నా చివర. గది ఉష్ణోగ్రతలో 4 గంటలు నెమ్మదిగా తిప్పాలి. ట్రిస్ గానీ గ్లైసిన్ గానీ ఉన్న బఫర్ వాడకూడదు. ఈడీసీ సిద్ధం చేసిన చోట్లను పెగ్‌కు బదులు వాటి అమైన్లే ఆక్రమిస్తాయి. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జీ (భూమ్యాకర్షణకు 5,000 రెట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైనీరు తీసి, మూడుసార్లు కడగాలి. కడగడంలో ఇంకో ప్రయోజనం ఉంది: చాలా స్టాక్‌ల్లో ఉండే సోడియం అజైడ్ పోతుంది, లేకపోతే అది సెల్స్‌ను చంపుతుంది. 200 నానోమీటర్ల బీడ్స్ ఇరవై ఐదు రెట్లు నెమ్మదిగా దిగుతాయి, వాటికి ఈ వేగం చాలదు. కడిగాక కొన్ని బీడ్స్ పోతాయి కాబట్టి గళ్లు గీసిన లెక్కింపు స్లయిడు, అంటే హీమోసైటోమీటరులో మళ్లీ లెక్కపెట్టాలి.

ఈ కేసులో పాళ్లన్నీ సరిగానే ఉన్నాయి. చెడింది ఈడీసీ. అది గాలిలోని తేమను లాగేసుకునే పొడి. సీసా మైనస్ 20లో ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో డెల్టా గాలి మంచుబిందు ఉష్ణోగ్రత 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంతకన్నా చల్లటి సీసా మూత తీస్తే క్షణాల్లో లోపల చెమ్మ పడుతుంది. పైకి పొడి తెల్లగానే కనపడుతుంది, లోపల సగం పనికిరానిదై ఉంటుంది. చెంచాతో కదిపితే ఉప్పు గడ్డలా అంటుకుంటుంటే ఆ సీసా పారేయాల్సిందే. వాడే ముందు సీసాను మూత తీయకుండా, నీలం సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో గంటసేపు పెట్టి గది ఉష్ణోగ్రతకు రానివ్వాలి. 1.9 మి.గ్రా. తూచాలని తంటాలు పడితే ఆ తూకం జరిగేలోపే తేమ పడుతుంది. 19 మి.గ్రా. తూచి 1 మి.లీ. చల్లటి నీటిలో కరిగించి, వెంటనే 100 మైక్రోలీటర్లు తీసి వేయడం మేలు. మిగిలిన ద్రావణం దాచకూడదు. కొత్త సీసా వచ్చిన రోజే పొడిని చిన్న గొట్టాల్లోకి పంచి, ఒక్కో గొట్టం ఒక్కసారికే వాడితే ఈ బాధ చాలావరకు పోతుంది.

ఇంకా ఇబ్బందికరమైన విషయం, పూత పడలేదని పరీక్షలో తెలియకపోవడం. పూతను జీటా పొటెన్షియల్‌తో, అంటే బీడ్ పైతలం దగ్గరి చార్జ్‌ను సూచించే కొలతతో, చూస్తారు. 10 మిల్లీమోలార్ ఉప్పులో పూత లేని కార్బాక్సిల్ బీడ్ మైనస్ 40 మిల్లీవోల్టులో అంతకన్నా లోతో చూపిస్తుంది. మంచి పూత ఉన్నది సున్నాకు, మైనస్ 10కి మధ్య. అయితే నీటిలో ఉప్పు, కాల్షియం ఎక్కువైతే పూత లేని బీడ్ కూడా సున్నా వైపు జరుగుతుంది, ఎందుకంటే ఉప్పు అయాన్లు బీడ్ చార్జ్‌ను కప్పేస్తాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఇక్కడి ఊళ్లు చెరువుల్లో నింపుకున్న నీటి మీద, బోరు నీటి మీద ఆధారపడతాయి. తీరం దగ్గరి బోరు నీటిలో ఉప్పు సంగతి చెప్పక్కర్లేదు. ఆర్‌ఓ యూనిట్‌కు వచ్చే నీరే మారినప్పుడు, దాని తర్వాతి డీఅయొనైజర్ కాట్రిడ్జ్ అనుకున్నదానికన్నా ముందే అయిపోతుంది. మీటరు 18.2 మెగాఓమ్ సెం.మీ. చూపకపోతే ఆ నీటితో జీటా కొలవకూడదు, బఫర్ కలపకూడదు.

జీటా యంత్రం అందుబాటులో లేనివాళ్లకు తేలిక పరీక్ష ఒకటుంది. పలచటి బీడ్స్‌ను 1 మోలార్ ఉప్పునీటిలో, అంటే లీటరుకు 58 గ్రాముల సోడియం క్లోరైడ్‌లో, గంట ఉంచి మైక్రోస్కోప్ కింద చూడాలి. పూత లేనివి జంటలుగా, గుంపులుగా అతుక్కుంటాయి. పూత ఉన్నవి విడివిడిగానే ఉంటాయి. పక్కనే అదే స్టాక్‌లోని పూత వేయని బీడ్స్‌ను కూడా పెట్టి పోల్చాలి. ఈ కేసులో ముడి విప్పింది ఈ పరీక్షే: పెగ్ బ్యాచ్, పూత వేయని బీడ్స్ రెండూ ఒకేలా గుంపులు కట్టాయి.

శ్లేష్మానికి ముందు మూడు కొలతలు

ఇప్పుడు ప్రతి బీడ్ బ్యాచ్‌కు శ్లేష్మం ముట్టకముందు ఇవి చేయాలి. మొదటిది, గాజు మీద ఆరబెట్టి అతికించిన బీడ్స్‌ను నీటి కింద వీడియో తీయడం. ఈ ఆప్టిక్స్‌లో ఒక పిక్సెల్ 0.16 మైక్రోమీటర్లు. బీడ్ కేంద్రాన్ని పిక్సెల్‌లో పదో వంతుకు పట్టగలిగితే ఎంఎస్‌డీ అడుగు (అంతకన్నా తక్కువ కదలికను కొలవలేని హద్దు) 0.001 చదరపు మైక్రోమీటర్ల దగ్గర ఉంటుంది. అంతకన్నా ఎక్కువ వస్తే టేబుల్ అదురుతోంది. రోడ్డు పక్క గదుల్లో మేత లారీలు పోయినప్పుడల్లా ఇది పెరుగుతుంది. శ్లేష్మంలో వచ్చిన విలువ ఈ అడుగుకు దగ్గరగా ఉంటే ‘చాలా చిక్కన’ అని రాయకూడదు, ‘కొలవలేనంత నెమ్మది’ అనే రాయాలి.

రెండోది నీరు: 25 డిగ్రీల్లో సెకనుకు ఎంఎస్‌డీ 1.96 దగ్గర, వాలు 1 రావాలి. మూడోది తూకం ప్రకారం 50 శాతం గ్లిసరాల్. 25 డిగ్రీల్లో దాని చిక్కదనం సుమారు 5 మిల్లీపాస్కల్ సెకన్లు, కాబట్టి నీటికన్నా ఐదున్నర రెట్లు నెమ్మదించాలి. గ్లిసరాల్ కూడా తేమ లాగుతుంది. మూత తీసి ఉంచిన సీసాతో కలిపితే పలచనవుతుంది, తప్పు మైక్రోస్కోప్ మీదకు పోతుంది. ఏ రోజుకారోజు తూచి కలపాలి.

వీడియో సెకనుకు 30 ఫ్రేములు, ఎక్స్‌పోజర్ 10 మిల్లీసెకన్లు, ఒక్కో చోట 10 నుంచి 30 సెకన్లు. ట్రాకింగ్‌కు ఉచితంగా దొరికే ట్రాక్‌మేట్ సాఫ్ట్‌వేర్ చాలు. ట్రాక్ పొడవులో నాలుగో వంతుకు మించిన వ్యవధుల ఎంఎస్‌డీని నమ్మవద్దు. సగటు తీసేటప్పుడు నాలుగైదు వేగవంతమైన బీడ్స్ మొత్తాన్ని లాగేస్తాయి, కాబట్టి ఒక్కో బీడ్ విలువకు లాగరిథమ్ తీసి పంపిణీ మొత్తం చూపించాలి. ఒక ఇన్సర్ట్‌లో 300 బీడ్స్ దొరికాయి కదా అని శాంపిల్ సంఖ్య 300 అనడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు. శాంపిల్ అంటే ఇన్సర్ట్. ఇంకా గట్టిగా చెప్పాలంటే వేర్వేరుసార్లు నాటిన బ్యాచ్.

బీడ్స్, గది, నీటి పరిమాణం దిద్దాక మూడు కంట్రోల్ ఇన్సర్ట్‌ల పంపిణీలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. అయినా పద్ధతి మార్పును పట్టగలదని చూపాలి. దానికి ఎన్-ఎసిటైల్‌సిస్టీన్, మ్యూసిన్ దారాల మధ్య డైసల్ఫైడ్ బంధాలను తెంపే కఫం మందు. చివరి గాఢత 10 నుంచి 20 మిల్లీమోలార్, అరగంట. ఇది కూడా 1, 2 మైక్రోలీటర్లలోనే పోయాలి, పక్క ఇన్సర్ట్‌లో అంతే పరిమాణం ఉత్త బఫర్ వేయాలి, లేకపోతే రెండో ఇన్సర్ట్ కథే మళ్లీ. పొడి కరిగించగానే ద్రావణం బాగా పుల్లగా ఉంటుంది. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4కు తేకుండా వేస్తే ఆమ్లమే సెల్స్‌ను దెబ్బతీస్తుంది. మందుల షాపులో దొరికే పొంగే బిళ్లలు వద్దు, వాటిలో బైకార్బొనేట్, సిట్రిక్ ఆమ్లం ఉంటాయి.

ఆ తర్వాతే బూడిద. అందులోనూ ఒక అదనపు కంట్రోల్ తప్పదు: బీడ్స్ లేకుండా బూడిద మాత్రమే వేసిన ఇన్సర్ట్. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అది వెలుగును చెదరగొడుతుంది. కాలీకాలని ఊక ముక్కల్లోని లిగ్నిన్ ఆకుపచ్చ ఫిల్టరులో సొంతంగా మెరుస్తుంది. అవి బీడ్స్ కన్నా పెద్దవి, కదలవు. ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ వాటినీ బీడ్స్ అనుకుని లెక్కిస్తే, బూడిద వేసిన ప్రతి ఇన్సర్ట్‌లోనూ శ్లేష్మం చిక్కబడినట్టే కనిపిస్తుంది. అందుకే బూడిద దశకు ఎర్ర ఫ్లోరోసెంట్ బీడ్స్ తీసుకుని, బీడ్స్ లేని ఇన్సర్ట్‌లో అదే సెట్టింగ్‌తో సాఫ్ట్‌వేర్ ఒక్క చుక్కను కూడా పట్టనంత వరకు వెలుగు పరిమితిని, సైజు పరిమితిని బిగించుకుంటూ పోయి, ఆ అంకెలనే మిగతా అన్ని వీడియోలకూ మార్చకుండా వాడాలి.